క్యాజువాల్టీ గుమ్మంలో కూర్చుని ఆటలమ్మను లెక్కపెట్టలేం

ఆసుపత్రి ఎమర్జెన్సీకి వచ్చే రోగుల జాబితాను ఏ రోజుకారోజు కంప్యూటరులోకి ఎక్కిస్తే చాలు, ఏ అంటువ్యాధి ఎక్కడ తలెత్తినా ఇట్టే తెలిసిపోతుందన్న మాట ఈమధ్య తరచు వినిపిస్తోంది. చదువుకున్నవాళ్ళూ అంటున్నారు, అధికారంలో ఉన్నవాళ్ళూ అంటున్నారు. దీనికి రెండు సాక్ష్యాలు చూపిస్తారు. ఒకటి అమెరికా. అక్కడ చికెన్‌పాక్స్, అంటే మన ఆటలమ్మ, పెరుగుతోందో తగ్గుతోందో ఎమర్జెన్సీ విభాగాల రికార్డుల నుంచి కూడా గమనిస్తున్నారు. రెండోది మన ఏలూరే. 2020 డిసెంబరులో జనం ఉన్నట్టుండి పడిపోయినప్పుడు ఆ సంగతి లోకానికి తెలిసింది ప్రభుత్వాసుపత్రి క్యాజువాల్టీ వల్లనే కదా అంటారు.

ఆటలమ్మ విషయంలో ఈ వాదన మొదలంటా తప్పు. ఏలూరు జిల్లాలో చింతలపూడి మెట్టలోగాని, కొల్లేటి లంకల్లోగాని దీన్ని నమ్ముకుంటే మనకు లెక్క దొరకదు. అంతటితో పోయినా సరిపెట్టుకోవచ్చు. జబ్బు ఊళ్ళో తిరుగుతుండగా కాగితం మీద సున్నా కనిపిస్తుంది, ఆ సున్నా చూసి అందరూ ధీమాగా ఉంటారు. అసలు లెక్కే లేకపోవడం కంటే ఆ ధీమా ప్రమాదం.

ముందు ఏలూరు సంగతే తీసుకుందాం, ఎదుటివారి బలమంతా అక్కడే ఉంది కాబట్టి. ఆ డిసెంబరు మొదటి వారంలో వన్‌టౌన్ వీధుల్లో మనుషులు మాట్లాడుతూ మాట్లాడుతూ కూలిపోయారు. మూర్ఛ, నోట్లో నురగ, కాసేపటికి తేరుకుని ఏం జరిగిందో గుర్తులేదనడం. పసిపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా ఆరువందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ బయటపడ్డాయి. జాతీయ పోషకాహార సంస్థ, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి బృందాలు వచ్చి నీళ్ళలోనూ ఆహారంలోనూ పురుగుమందుల ఆనవాళ్ళు వెతికాయి. అది క్యాజువాల్టీ పట్టిన ఉపద్రవమే, సందేహం లేదు.

కానీ ఎందుకు పట్టగలిగింది? కళ్ళెదుట మనిషి మూర్ఛపోయి నురగలు కక్కుతుంటే ఏ తల్లీ వేపాకు కోసం వెళ్ళదు. ఆటో పిలుస్తుంది, 108కి ఫోను చేస్తుంది. ఆసుపత్రి ఆ ఊళ్ళోనే ఉంది. పైగా అందరూ ఇంచుమించు ఒకే రోజుల్లో పడ్డారు. ఇంటి వైద్యానికి లొంగుతుందనుకునే జబ్బు కాదు, ఆలస్యం చేద్దామన్నా వీల్లేదు. అలాంటిది ఏది వచ్చినా క్యాజువాల్టీ తలుపు తట్టక తప్పదు. పాముకాటు తడుతుంది, పురుగుమందు తాగినవాళ్ళు వస్తారు, రోడ్డు ప్రమాదాలు వస్తాయి. వాటిని అక్కడే లెక్కపెట్టాలి, నేనేమీ కాదనను.

ఆటలమ్మ నడవడి వేరు. చలి తగ్గి ఎండ ముదిరే నెలల్లో మన వైపు ఏ ఊళ్ళోనైనా ఇది కనిపిస్తుంది. పిల్లాడికి ముందురోజు ఒళ్ళు వెచ్చబడుతుంది. మర్నాడు స్నానానికి చొక్కా విప్పితే ఛాతీ మీద, వీపు మీద ఎర్రటి మచ్చలు. సాయంత్రానికి వాటిలో నీరు చేరుతుంది, పక్కనే కొత్తవి లేస్తుంటాయి. నాయనమ్మ ఒక్కసారి చూసి అమ్మ పోసిందంటుంది. ఇక ఆ ఇంటి తీరు మారిపోతుంది. గుమ్మానికి వేపమండలు కడతారు. వేపాకు పరిచిన చాప మీద పిల్లాణ్ణి పడుకోబెట్టి, దురద పుట్టినచోట గోళ్ళతో గీరుకోనివ్వకుండా వేపరెమ్మతో నిమురుతారు. వంటింట్లో తాలింపు ఆగిపోతుంది, నీచు ముట్టరు, పెరుగన్నంతో సరిపెడతారు. బయటివాళ్ళను లోపలికి రానివ్వరు. పొక్కులు మాడి చెక్కు కట్టాక మంచిరోజు చూసి వేపాకు, పసుపు వేసిన నీళ్ళు తలకు పోస్తారు. గంగానమ్మకో పోలేరమ్మకో చలిమిడి నైవేద్యం పెడతారు. జ్వరం మరీ ఎక్కువైతే వీధి చివర ఆర్ఎంపీ దగ్గర బిళ్ళలు తెచ్చుకుంటారు. ఈ మొత్తంలో క్యాజువాల్టీకి చోటెక్కడుంది?

దీన్నంతా మూఢనమ్మకమని కొట్టిపారేసి, అందుకే జనం జబ్బు దాచుకుంటారని తేల్చేసేవాళ్ళున్నారు. ఇది అన్యాయం. పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి అన్నీ చెక్కు కట్టేదాకా ఈ వైరస్ ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఇంట్లో ఒకరికి వస్తే అంతకుముందు రాని మిగతావాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందికి సోకుతుంది. చెక్కు కట్టేదాకా పిల్లాణ్ణి వేరుగా ఉంచమని ఏ వైద్యగ్రంథం చెబుతుందో మన నాయనమ్మలు అదే చేస్తున్నారు. మందు ముట్టకూడదన్న పట్టుదల మాత్రం తప్పే, పెద్దవాళ్ళ విషయంలోనూ గర్భిణుల విషయంలోనూ అది ప్రాణం మీదికి తెస్తుంది. దాన్ని ఓపిగ్గా నచ్చజెప్పి మాన్పించాలి. అంతమాత్రాన ఆ ఇల్లు జబ్బును దాచినట్టు కాదు. వీధిలో పోయే ప్రతి ఒక్కరికీ కనిపించేలా గుమ్మానికి వేపమండ కట్టి మరీ చెప్పింది. ఆశా కార్యకర్తకు తెలుసు, అంగన్‌వాడీ టీచరుకు తెలుసు, పాలు పోసే మనిషికి తెలుసు. తెలియనిదల్లా ప్రభుత్వ రికార్డుకే.

మరి ఆటలమ్మతో క్యాజువాల్టీకి వచ్చేదెవరు? నాలుగోరోజుకు ఆయాసం పట్టుకున్న పామాయిల్ తోట కూలీ. గోకిన పొక్కులు చీము పట్టి ఒళ్ళు కాలిపోతున్న పసిది. నడక తూలిపోతున్న బడిపిల్లాడు. నెలలు నిండిన గర్భిణి. వీళ్ళ కేసు కాగితం మీద మొదట పడే మాట ఆయాసమో, న్యుమోనియానో, ఫిట్సో అయ్యే అవకాశమే ఎక్కువ. పొక్కుల సంగతి కింది వరసకు పోతుంది. అంటే క్యాజువాల్టీ రిజిస్టరు ఆటలమ్మను లెక్కపెట్టడం లేదు, ఆటలమ్మ ముదిరిన కొద్దిమందిని లెక్కపెడుతోంది, అదీ వేరే పేర్లతో. ఆకివీడు చేపల మార్కెట్లో తూకం దగ్గర నిలబడి కొల్లేట్లో చేపలెన్నో చెప్పబోతే ఎంత నిజమవుతుందో ఇదీ అంతే నిజమవుతుంది.

ఇక్కడ ఎదుటివారు తమ అసలైన వాదన బయటికి తీస్తారు. మాకు పూర్తి లెక్క అక్కర్లేదు, హెచ్చుతగ్గులు తెలిస్తే చాలు, వచ్చిన పదిమంది ఇరవైమంది అయితే ఊళ్ళల్లోనూ రెట్టింపయినట్టే కదా అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఊళ్ళో ఉన్న కేసుల్లో ఆసుపత్రికి వచ్చే వంతు ఎప్పుడూ ఒకేలా ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. మన దగ్గర అది ఒకేలా ఉండదు. 2022 జులైలో కేరళలో మంకీపాక్స్ తొలి కేసు బయటపడ్డట్టు ఏదో ఒక వార్త వస్తే చాలు, ఒంటిమీద పొక్కు చూసి భయపడి వచ్చేవాళ్ళు పెరుగుతారు. జబ్బు పెరగదు, లెక్క పెరుగుతుంది. మొక్కజొన్న కోతలప్పుడు కూలి పోగొట్టుకుని ఎవరూ పట్నం రారు. జబ్బు తగ్గదు, లెక్క తగ్గుతుంది. కొల్లేటి మధ్య లంకల్లో చెరువుల కాపలా మీద బతికే కుటుంబానికి ఏలూరు వెళ్ళి రావడమంటే ఒక రోజు గండి. బతుకుతెరువును బట్టి మారే అంకెను జబ్బు పోకడ అనుకుంటే ఎలా?

చింతలపూడికి ఇంకో చిక్కు ఉంది. అది జిల్లాకు ఉత్తరాన, తెలంగాణ పొలిమేర. ఏలూరు కంటే సత్తుపల్లి దగ్గర. ఒంట్లో బాగోకపోతే కొందరు స్థానిక ప్రభుత్వాసుపత్రికి వెళతారు, కొందరు జంగారెడ్డిగూడెం, కొందరు సత్తుపల్లి, ఖమ్మం, డబ్బున్నవాళ్ళు విజయవాడ ప్రైవేటు ఆసుపత్రులకు. ఒకే వీధిలో ఒకే వారం ఒకరికొకరు అంటించుకున్నవాళ్ళు రెండు రాష్ట్రాల్లోని నాలుగైదు ఆసుపత్రుల రిజిస్టర్లలో చెదిరిపోతారు. ఏ ఒక్క రిజిస్టరులోనూ అది గుంపుగా కనిపించదు. ఏలూరులో గుంపు కనిపించిందంటే అందరూ ఒకే గుమ్మంలోంచి వచ్చారు కాబట్టి.

కాలం సంగతి కూడా చూడాలి. ఈ వైరస్ సోకాక పొక్కులు లేవడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. మొదటి పిల్లాడికి పొక్కులు కనిపించిన రోజునే తెలిస్తే, రెండో వరస మొదలవడానికి కనీసం వారంరోజుల వ్యవధి ఉంటుంది. గర్భిణులను హెచ్చరించవచ్చు, హాస్టలులో పిల్లలను వేరు చేయవచ్చు. క్యాజువాల్టీకి వచ్చేది జబ్బు ముదిరాక. ఆ కాగితం జిల్లా కార్యాలయానికి చేరి ఎవరో చూసి బయల్దేరేసరికి రెండో వరస పిల్లలకు పొక్కులు లేచి ఉంటాయి.

ఇక అమెరికా. టీకాకు ముందు అక్కడ ఏడాదికి సుమారు 40 లక్షల మందికి చికెన్‌పాక్స్ వచ్చేది. ఆసుపత్రిలో చేరవలసి వచ్చినవాళ్ళు పదివేల పైచిలుకు, చనిపోయేవాళ్ళు 100 నుంచి 150 మంది. అన్ని వసతులున్న దేశంలో కూడా ఆసుపత్రి మంచం దాకా వెళ్ళింది వెయ్యికి ముగ్గురే అన్నమాట. అందుకే 1995లో టీకా వచ్చినప్పుడు అది పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి వాళ్ళు ఎమర్జెన్సీ రికార్డులను నమ్ముకోలేదు. కాలిఫోర్నియాలో ఆంటిలోప్ వ్యాలీ, ఫిలడెల్ఫియాలో పడమటి భాగం వంటి ప్రాంతాలను ఎంచుకుని, అక్కడి బడులు, పసిపిల్లలను చూసుకునే కేంద్రాలు, క్లినిక్కులు, ఆసుపత్రులు అన్నిటి నుంచీ రెండు వారాలకోసారి కబురు తెప్పించుకున్నారు. జబ్బు ఎంత పడిపోయిందో వాళ్ళకు నమ్మకంగా తెలిసింది ఆ ఊరి లెక్కల వల్ల. 2006లో రెండో డోసు కూడా వచ్చి, జబ్బు బాగా అరుదైపోయాక, ఒక్కో కేసునూ పట్టుకునే దారుల్లో ఒకటిగా ఎమర్జెన్సీ రికార్డులు పనికొస్తున్నాయి. అక్కడ పొక్కులు లేచిన పిల్లాణ్ణి డాక్టరుకు చూపిస్తారు, డాక్టరు దానికి జబ్బు సంకేతం రాస్తాడు, అది కంప్యూటరులోకి పోతుంది. ముప్పై ఏళ్ళు నడిచి చివరి మెట్టుకు చేరినవాళ్ళ పద్ధతిని మొదటి మెట్టు మీదున్న మనం అరువు తెచ్చుకుంటామనడం అవివేకం. జపాన్ అయినా అంతే. అక్కడ దేశమంతటా కొన్ని పిల్లల క్లినిక్కులను ఎంచి పెట్టుకుని వారం వారం లెక్క తీసుకుంటారు. రోగి ఎక్కడికి వెళతాడో అక్కడ కాపు కాశారు. మన రోగి ఇంట్లో ఉన్నాడు.

అసలు ఈ పాఠం మనకు ఎవరో నేర్పనక్కర్లేదు, మన దేశమే లోకానికి నేర్పింది. మశూచి నిర్మూలనలో 1973 దాకా ఆసుపత్రుల నుంచీ ఆరోగ్య కేంద్రాల నుంచీ వచ్చే నివేదికలనే నమ్ముకుని ఉన్నారు. ఆ అక్టోబరులో ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో కార్యకర్తలు ఊరూరా తిరిగి వెతికితే, నివేదికల్లో ఎక్కడా లేని కేసులు వేలకు వేలు బయటపడ్డాయి. చేతిలో మశూచి బొమ్మ ఉన్న కార్డు పట్టుకుని సంతల్లో, బడుల్లో, టీకొట్ల దగ్గర ఇలాంటిది ఎక్కడైనా చూశారా అని అడిగారు. చివర్లో కేసు చూపించినవారికి వెయ్యి రూపాయల బహుమతి పెట్టారు. 1975 మే నెలతో దేశంలో మశూచి ఆగిపోయింది. ఆ వెతుకులాటలో అడుగడుగునా అడ్డొచ్చింది ఈ ఆటలమ్మే. మశూచి పొక్కులు ముఖం మీద, చేతులు కాళ్ళ మీద ఎక్కువగా, అన్నీ ఒకే వయసులో ఉంటాయి. ఆటలమ్మ పొక్కులు ఒంటి నడుమ ఎక్కువ, లేతవీ ముదిరినవీ కలిసి ఉంటాయి. పెద్ద చదువులు లేని కార్యకర్తలు ఈ తేడా నేర్చుకుని లక్షల ఇళ్ళ గుమ్మాల్లో నిలబడి చెప్పగలిగారు. యాభై ఏళ్ళ తర్వాత చేతిలో ఫోనున్న ఏఎన్ఎం చెప్పలేదా?

అంత శ్రమ ఆటలమ్మకు ఎందుకు, వారంలో తగ్గిపోయే చిన్న జబ్బే కదా అని ఇంకొందరంటారు. పదేళ్ళలోపు ఆరోగ్యమైన పిల్లాడికి అది చాలావరకు నిజం. కానీ మనలాంటి ఉష్ణదేశాల్లో చిన్నప్పుడు సోకకుండా పెద్దయ్యేవాళ్ళు చల్లని దేశాల్లో కంటే ఎక్కువ. పెద్దలకు వస్తే న్యుమోనియా భయం, ప్రాణాపాయం పిల్లల కంటే ఎన్నో రెట్లు. ప్రసవానికి ఐదురోజుల ముందు నుంచి రెండురోజుల తర్వాత దాకా తల్లికి పొక్కులు లేస్తే పుట్టిన బిడ్డ బతుకు దినదినగండం. క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. అదే వైరస్ నరాల్లో దాక్కుని ముసలితనంలో సర్పిగా లేచి నెలల తరబడి మంట పెడుతుంది. ఎసైక్లోవిర్ అనే మందుంది, కానీ పొక్కులు లేచిన మొదటి రోజే మొదలుపెడితేనే దాని బలం. మొదటి రోజు ఎవరికి తెలుస్తుంది? వీధిలో తిరిగేవాళ్ళకే తెలుస్తుంది.

ఈ టీకా ప్రభుత్వం ఉచితంగా వేసే జాబితాలో లేదు. పిల్లల వైద్యుల సంఘం రెండు డోసులు వేయించమంటుంది, డబ్బున్న ఇళ్ళల్లో వేయిస్తున్నారు. పేదపిల్లలకు వేయాలా వద్దా అన్నది ఎప్పుడైనా తేల్చాలంటే జబ్బు ఎంతమందికి వస్తోందో, ఏ వయసులో వస్తోందో తెలియాలి. క్యాజువాల్టీ లెక్క తీసుకుని ఆ నిర్ణయానికి కూర్చుంటే, చింతలపూడి మండలంలో ఆటలమ్మ లేనే లేదని తేలుతుంది. లేని జబ్బుకు టీకా ఎవరిస్తారు?

ఆశా కార్యకర్తల మీద ఇప్పటికే మోయలేనంత పని ఉంది, ఇంకోటి నెత్తిన పెడతారా అన్నది మాత్రం న్యాయమైన అభ్యంతరం. గర్భిణుల నమోదు, టీకాలు, రకరకాల సర్వేలు, ఒక్కో పథకానికి ఒక్కో యాప్. వాళ్ళకు కొత్త యాప్ ఇవ్వమని నేను అడగను. అక్కర్లేదు కూడా. 2004లో మొదలైన వ్యాధుల నిఘా కార్యక్రమంలో ఏఎన్ఎం వారం వారం నింపుతూ వచ్చిన పత్రంలో జ్వరంతో పాటు దద్దుర్లు అన్న గడి ఎప్పటి నుంచో ఉంది. డాక్టరు నింపే పత్రంలో చికెన్‌పాక్స్ పేరే అచ్చయి ఉంది. ఇప్పుడవి కంప్యూటరులోకి మారాయి. తట్టు నిర్మూలన కోసమైతే జ్వరంతో దద్దుర్లున్న ప్రతి పిల్లాడి సంగతీ ఎలాగూ తెలపాలి. ఆటలమ్మ ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్త వెళ్ళడం మొదలుపెడితే, అమ్మవారని ఊరు సరిపెట్టుకున్న వాటిలో తట్టు ఉన్నా అప్పుడే బయటపడుతుంది. గడి ఉంది, నింపే మనిషి ఉంది, ఊళ్ళోనే సచివాలయం ఉంది. లేనిదల్లా ఆ గడిలో పడిన అంకెను పైన ఎవరైనా చదువుతారన్న నమ్మకం. క్యాజువాల్టీ లెక్క మీద మోజు పెరిగేకొద్దీ ఆ కాస్త నమ్మకమూ పోతుంది. నా కోపమంతా అందుకే.

అన్నిటికంటే ముందు హాస్టళ్ళు. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు గిరిజన ఆశ్రమ పాఠశాలలు, చింతలపూడి చుట్టుపక్కల సంక్షేమ హాస్టళ్ళు, నూజివీడు ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల ఒకే గదిలో పదిమంది పడుకుంటారు. ఒకరికి పొక్కులు లేస్తే బస్సెక్కించి ఇంటికి పంపడం వాడుక. ఆ పిల్లాడు ఊరికి జబ్బు తీసుకెళతాడు, వెనక ఉన్నవాళ్ళలో అప్పటికే సోకినవాళ్ళు మూడువారాల్లో ఒక్కొక్కరుగా బయటపడతారు, సరిగ్గా పరీక్షల వేళకు. వార్డెన్ హాజరు పట్టీలో ఇంటికి పంపిన కారణం ఒక్క మాట రాసి అదేరోజు ఆరోగ్య కేంద్రానికి చెబితే జిల్లాలో ఏ క్యాజువాల్టీ ఇవ్వలేని సమాచారం చేతికొస్తుంది. బడిలో టీచరుకూ ఇదే మాట.

క్యాజువాల్టీ లెక్కలు తీసుకోవద్దని నేను అనడం లేదు. ముదిరిన కేసులెన్నో తెలియడానికి అవి కావాలి, ఏలూరు లాంటి ఉపద్రవం మళ్ళీ వస్తే మొదటి కబురు అక్కడి నుంచే రావాలి. కానీ ఆటలమ్మ తీవ్రతను వాటితో కొలుస్తామని జిల్లా వైద్యాధికారులు ఎవరైనా సిద్ధపడితే, ఆ పని వెంటనే మానుకోవాలి. వచ్చే జనవరి లోపు హాస్టళ్ళకు, బడులకు, ఏఎన్ఎంలకు ఒక్క ఉత్తర్వు చాలు: కేసు ఉన్నా లేకున్నా వారం వారం చెప్పమని, చెప్పినవారికి తిరిగి జవాబు ఇస్తామని.

చదివేవారికి ఒక విన్నపం. మీ వీధిలో ఏ గుమ్మానికైనా వేపమండ కనిపిస్తే సచివాలయంలో ఏఎన్ఎంకు ఆ సంగతి చెప్పండి. ఆ ఇంట్లోగాని పక్కింట్లోగాని గర్భిణి ఉంటే రేపటిదాకా ఆగకండి, ఆ పూటే చెప్పండి.